రోహిణి కార్తెకు ముందే కుక్క గిన్నె తూకం వేయండి

మే నెలాఖరున పడమటి గాలి మొదలైతే కావలిలో మధ్యాహ్నం మనుషులే గడప దాటరు, ఇక కుక్కని ఎవరు తిప్పుతారు? మావాడు ఆరేళ్ల నాటు కుక్క. ఆ నెలంతా నీళ్ల కుండ పక్కనే పడుంటాడు. తిరుగుడు సగానికి పడిపోయినా తిండి మాత్రం సంక్రాంతి నాటిదే పెట్టాం. పోయిన వేసవి అయ్యేసరికి వాడి పక్కటెముకలు చేతికి తగలడం మానేశాయి. అందుకే ఈసారి ఏప్రిల్‌లోనే లెక్క వేసుకున్నాను.

ముందు బరువు చూడాలి. కుక్కని ఎత్తుకుని మెషిన్ ఎక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కండి. తేడా ఎంతో అదే దాని బరువు. ఆ కిలోలని 30తో హెచ్చించి 70 కలిపితే, ఊరికే పడుకున్నా ఒంటికి కావాల్సిన కేలరీలు వస్తాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన పెద్ద కుక్కకైతే దాన్ని మళ్లీ 1.6తో, పిల్లికైతే 1.2తో హెచ్చించాలి. మావాడు 15 కిలోలు ఉండాలి. లెక్కకి 520, దాన్ని హెచ్చిస్తే రోజుకి 830 చిల్లర. నాలుగు కిలోల పిల్లికి 230 కూడా దాటదు. ఒళ్లు చేసిన జంతువుకి ఇప్పుడున్న బరువుతో కాకుండా ఉండాల్సిన బరువుతో లెక్క కట్టాలి. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఎదిగే పిల్లలకీ చూడితో ఉన్నవాటికీ ఈ లెక్క పనికిరాదు, డాక్టర్నే అడగండి.

కొనే గింజల తిండి ప్యాకెట్ వెనక 100 గ్రాములకి 350 కేలరీలని ఉంటే, 830కి దాదాపు 240 గ్రాములు. ఈ గ్రాముల దగ్గరే మా ఇంట్లో గొడవ. గింజలు కొలిచేది స్టీలు గ్లాసుతో. నేను అంచు వరకు పోస్తే 90 గ్రాములు తూగింది, అదే గ్లాసు నాన్న గోపురంలా పోస్తే 120! రోజుకి రెండు పూటలు ఆ తేడా ఎంతవుతుందో చూడండి. వంటింటి కాటా తెచ్చి గ్లాసుకి పెన్నుతో గీత గీశాను. ఇక అమ్మ పొద్దున పెట్టే ఇడ్లీ ముక్కలు, రాత్రి పెరుగన్నం ఎవరి ఖాతాలో వేయాలి? వండిన అన్నం 100 గ్రాములే 130 కేలరీలు. చిరుతిళ్లన్నీ కలిపి పదో వంతు దాటకూడదు. అన్నం పెడితే ఆ మేరకు గింజలు తగ్గించాల్సిందే.

వచ్చిన అంకెని మొదటి అంచనా అనుకోండి. నడక తగ్గితే పదో వంతు తగ్గించి, రెండు వారాల తర్వాత పక్కటెముకలు తడిమి చూడండి. గట్టిగా నొక్కకుండానే తగలాలి, అలాగని దూరం నుంచే కనబడకూడదు. పిల్లికి మాత్రం ఒక్కసారిగా కోత పెట్టకండి. లావుపాటి పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికొస్తుంది. ఒక రోజంతా ముట్టకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఎండలో కుక్క కాస్త తక్కువ తినడం మామూలే. పొద్దున ఆరులోపు ఒకసారి, రాత్రి చల్లబడ్డాక ఒకసారి పెడితే సరిపోతుంది. అసలు ముట్టకుండా నీరసంగా ఉండి ఒళ్లు కాలుతుంటే, ఎండ దెబ్బే అనుకోకండి, పిడుదుల జ్వరం కూడా ఇప్పుడే ఎక్కువ. పిల్లికి చేపల పులుసు కలిపి పెట్టే అలవాటు మన నెల్లూరోళ్లకి పోదుగానీ, ఉల్లి, వెల్లుల్లి దాని రక్తానికి చేటు. ముక్కని విడిగా ఉడికించి ముల్లు తీసి పెట్టండి.

ఇంకొకటి, మామిడికాయల రోజులు. టెంక మింగిన కుక్కకి పేగులో అడ్డుపడితే ఆపరేషన్ దాకా పోవచ్చు. టెంకలు మూత బకెట్‌లోనే వేయండి, ఆ మూత మీద ఒక రాయి కూడా పెట్టండి.