కొడవలి చెప్పిన తప్పు

మాది అనంతపురం దగ్గర రెండెకరాల ద్రాక్షతోట. ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు, అక్టోబర్‌లో కాయల కోసం ఇంకోటి, ఫిబ్రవరి, మార్చిలో కోత. పోయిన అక్టోబర్‌లో కత్తిరించి చిగురొచ్చే సమయానికి ముసురు పట్టింది, ఆకుల పైన నూనె చుక్కల్లాంటి పసుపు మచ్చలు, తిప్పి చూస్తే అడుగున తెల్లటి బూజు. టెన్షన్‌తో వెంటనే బోర్డో మిశ్రమం, అంటే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), సున్నం నీళ్లలో కలిపిన బూజు మందు కొట్టాను. రెండు రోజులకు లేత ఆకుల అంచులు మాడిపోయాయి.

నాన్న ఒకటే అడిగాడు: "కొడవలి ముంచి చూసినావా?"

చూడలేదు. తోముకున్న కొడవలిని మిగిలిన మందులో ఒక నిమిషం ముంచి తీస్తే ఇనుము మీద ఎర్రగా రాగి పూత పట్టింది, అంటే సున్నం చాలక మైలుతుత్తం పచ్చిగానే మిగిలిపోయి ఆకును కాల్చేసింది. సున్నం సంచి నెలల తరబడి మూతి విప్పి పెట్టాను, గాలికి దాని పస పోయింది.

ఈసారి కొత్త రాయి సున్నం తెచ్చి రాత్రే తడిపి, గుడ్డలో వడగట్టాను. లేత చిగురు కాబట్టి 100 లీటర్లకు మైలుతుత్తం అరకేజీ, సున్నం అరకేజీ చాలు. రెండూ ప్లాస్టిక్ డ్రమ్ముల్లో విడివిడిగా కలిపి, తుత్తం నీళ్లనే సున్నంలోకి సన్నగా పోశాను. కొడవలి తెల్లగానే వచ్చింది.

మచ్చలున్న ఆకులు ఏరి కాల్చేశాం, గాలి ఆడేలా గుబురు రెమ్మలు తీసేశాం. ఆ తర్వాత వచ్చిన ఆకుల్లో మాడింది ఒక్కటీ లేదు. 1885లో ఫ్రాన్స్‌లో వైన్ తోటల బూజుకని మిలార్డె అనే శాస్త్రవేత్త ప్రకటించిన మందు ఇది, ఇప్పటికీ మా తోటను కాపాడుతోంది.