కడప నుంచి పోర్ట్ పైలట్ కావాలంటే అప్లికేషన్ ఎక్కడ మొదలుపెట్టాల

మొన్న మా అక్క కొడుక్కి ఎవరో ఫోన్ చేసి మూడు లక్షలు కడితే పోర్ట్ పైలట్ పోస్ట్ ఇప్పిస్తాం అన్నారంట, ప్రొద్దుటూరులో వాని ఫ్రెండ్స్‌కి కూడా అదే ఫోన్. ఒక్క రూపాయి కట్టద్దండి. ఇంటర్ కాగానే పైలట్‌కి అప్లై చేసే దారే లేదు. పోర్టు దగ్గరికొచ్చిన షిప్ ఎక్కి, కెప్టెన్ పక్కన నిలబడి దాన్ని లోపలికి తెచ్చే మనిషి పైలట్, అందుకే పెద్ద పోర్టుల్లో మామూలుగా మాస్టర్ ఫారిన్ గోయింగ్ సర్టిఫికెట్, అంటే కెప్టెన్ అర్హతే అడుగుతారు.

మరి మొదలు ఎక్కడంటే కళ్ళ దగ్గర. అద్దాలు లేకుండా ఒక కంటికి 6/6, రెండోదానికి కనీసం 6/9 ఉండాల, కలర్ బ్లైండ్‌నెస్ అసలు ఉండకూడదు, ఎందుకంటే రాత్రిపూట ఎదుటి షిప్ ఎటు తిరిగిందో దాని ఎర్ర లైటు, పచ్చ లైటు చూసే చెప్పాల. షిప్పుల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ ఆఫీసు డీజీ షిప్పింగ్, దాని వెబ్‌సైట్‌లో అప్రూవ్డ్ డాక్టర్ల లిస్ట్ ఉంటుంది, ఎంట్రన్స్ ఫీజు కట్టకముందే వాళ్ళ దగ్గర చూపించుకోండి.

తర్వాత ఐఎంయూ సెట్, అంటే ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ఎంట్రన్స్. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ కలిపి 60 శాతం, టెన్త్‌లో గానీ ఇంటర్‌లో గానీ ఇంగ్లీష్‌లో 50 శాతం ఉండాల. మూడేళ్ళ బీఎస్సీ నాటికల్ సైన్స్ గానీ, ఏడాది డీఎన్ఎస్ (నాటికల్ సైన్స్ డిప్లొమా) గానీ చేయాల, డీఎన్ఎస్ అయితే పైన 18 నెలలు షిప్ మీద ట్రైనింగ్.

ఇప్పుడు పాస్‌పోర్ట్. మనవాళ్ళకి టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో ఏమో పూర్తిగా పడుతుంది, ఈ తేడా ముందే సరిచేసుకోకపోతే ఇండోస్ నంబర్ (షిప్ ఉద్యోగుల జాతీయ రిజిస్టర్‌లో ఇచ్చే నంబర్) దగ్గరా, సీడీసీ (షిప్ మీద చేసిన సర్వీసు రాసే పుస్తకం) దగ్గరా రెండుచోట్లా ఇరుక్కుంటారు. ఇండోస్ ఆన్‌లైన్‌లోనే, సీడీసీకీ ఆన్‌లైన్‌లోనే అప్లై చేయాల, ఇచ్చేది ముంబై, కోల్‌కతా, చెన్నై షిప్పింగ్ మాస్టర్ ఆఫీసులు, మనకి దగ్గర చెన్నై. షిప్‌లో చేర్పిస్తాం అనే కంపెనీకి ఆర్‌పీఎస్ఎల్, అంటే షిప్పులకి మనుషుల్ని చేర్చుకునే లైసెన్స్ ఉందో లేదో డీజీ షిప్పింగ్ సైట్‌లోనే చూడచ్చు.

షిప్ ఆఫీసర్ నుంచి కెప్టెన్ దాకా సెకండ్ మేట్, ఫస్ట్ మేట్, మాస్టర్ పరీక్షలు ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో సముద్రం మీద సర్వీసు. అవన్నీ అయినాకే విశాఖ లాంటి పోర్టు వెబ్‌సైట్‌లో నోటిఫికేషన్ చూసి అప్లై చేయడం, సీనియర్ పైలట్ వెంట తిరిగి నేర్చుకోవడం, లైసెన్స్.

పైలట్ పనిలో పద్ధతికి ఐఎంఓ (ఐక్యరాజ్యసమితి షిప్పింగ్ సంస్థ) 2003లోనే ఏ.960 తీర్మానం చేసింది, కెప్టెన్‌తో ముందు ప్లాన్ మాట్లాడుకోవడం, అలసిపోయి డ్యూటీ ఎక్కకపోవడం అన్నీ దాంట్లో ఉన్నాయి. నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది నిచ్చెన. కదిలే పడవ మీదినుంచి షిప్ పక్కన వేలాడే తాళ్ళ నిచ్చెన పట్టుకుని ఎక్కాల, అది 9 మీటర్లకి మించి ఎక్కాల్సి వస్తే పక్కన మెట్ల నిచ్చెన కూడా కలిపి కట్టాల. తాడు చివికినా, మెట్టు వంకరగా ఉన్నా పైలట్ ఎక్కను అని చెప్పచ్చు, షిప్ ఎంత లేటైనా సరే.