చత్వారం వచ్చాక ఫ్లైలు కట్టడానికి కళ్లద్దాలు, భూతద్దం ఎంచుకోవడం ఎలా?

14వ నంబరు హుక్ మీద హాయిగా ఫ్లైలు (చేపలు పట్టడానికి ఈకలు, దారంతో హుక్ మీద కట్టే కృత్రిమ ఎరలు) కట్టిన మనిషికి, నలభై అయిదు దాటాక 18వ నంబరు హుక్ (నంబరు పెరిగేకొద్దీ హుక్ చిన్నది) మీద దారం చుట్టు ఎక్కడ ఆగిందో కనబడదు. తల వెనక్కి వాల్చినా, ముందుకు వంగినా ఫలితం ఉండదు. అప్పుడు చాలామంది నేరుగా వెళ్లి దొరికినంత పెద్ద భూతద్దం కొంటారు. చత్వారంలో అసలు ఇబ్బంది వస్తువు చిన్నదిగా కనిపించడం కాదు. కంటి లోపలి లెన్స్ గట్టిపడి, దగ్గరి దూరానికి ఫోకస్ మార్చుకోలేకపోతుంది. అందుకే ముందు దూరం, తర్వాత వెలుతురు, ఆపైన కళ్లద్దాల పవర్ తేల్చుకోవాలి. భూతద్దం సంగతి చివర్లో చూసుకోవచ్చు. ఈ వరుసలో వెళితే చాలామందికి అనుకున్న దానికంటే తక్కువ మాగ్నిఫికేషన్ సరిపోతుంది.

1. కంటికీ హుక్‌కూ మధ్య దూరం కొలవండి

మామూలుగా కూర్చునే కుర్చీలోనే కూర్చోండి. నడుము నిటారుగా, మోచేతులు బల్లకు ఆనించి, వైజ్‌లో (హుక్‌ను పట్టి ఉంచే బిగింపు పరికరం) హుక్ బిగించి దారం చుట్టడం మొదలుపెట్టండి. ఆ భంగిమ కదలకుండా ఉండగా, కంటి బయటి మూల నుంచి హుక్ వరకు వేరొకరిని టేపుతో కొలవమనండి. సాధారణంగా ఇది 30 నుంచి 45 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. మీరే కొలుచుకుంటే తెలియకుండానే ముందుకు వంగుతారు, లెక్క తప్పుతుంది. వైజ్ మరీ కిందికి ఉంటే ముందు దాని ఎత్తు సరిచేసి ఆ తర్వాతే కొలవండి. ఇకపై నిర్ణయాలన్నీ ఈ ఒక్క అంకె మీదే నిలుస్తాయి.

2. వెలుతురు సరిచేయండి

వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, లెన్స్ పసుపెక్కుతుంది. అరవై ఏళ్ల కంటి వెనుక తెరకు చేరే కాంతి ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే దాదాపు మూడో వంతే. వెలుతురు పెంచితే ఇంకో లాభం కూడా ఉంది. కంటిపాప ముడుచుకుని, స్పష్టంగా కనిపించే లోతు పెరుగుతుంది. దాంతో హ్యాకిల్ (హుక్ చుట్టూ చుట్టే ఈక) కొసా, హుక్ ఐ (హుక్ చివర తాడు కట్టే రంధ్రం) రెండూ ఒకేసారి ఫోకస్‌లో ఉంటాయి.

5000 కెల్విన్ దగ్గర రంగు, 90కి పైన సీఆర్ఐ (రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే కొలత) ఉన్న ఎల్ఈడీ దీపం తీసుకోండి. సీఆర్ఐ తక్కువైతే ఆలివ్, బూడిద రంగు డబ్బింగ్‌లకు (దారానికి మెలిపెట్టే బొచ్చు) తేడా తెలియదు. దీపాన్ని హుక్‌కు కాస్త ముందు, పైవైపు పెట్టండి. బల్బు నేరుగా కళ్లలో పడకూడదు. ఒక్క దీపంతో చేతి నీడ హుక్ మీద పడుతుంటే రెండో పక్క ఇంకో చిన్న దీపం పెట్టండి.

హుక్ వెనకాల ఒక జానెడు దూరంలో మెరుపు లేని అట్ట నిలబెట్టండి. ముదురు ఫ్లైకి లేత అట్ట, లేత ఫ్లైకి మధ్యస్థమైన బూడిద రంగు అట్ట. ఈ అట్ట ముక్క చేసే మేలు చాలా ఖరీదైన లెన్స్‌లు కూడా చేయవు. వెనక చిందరవందరగా ఉన్న బల్ల కనిపిస్తున్నంతసేపూ సన్నని దారం అందులో కలిసిపోతూనే ఉంటుంది.

3. పవర్ లెక్క చూడండి

100ను సెంటీమీటర్లలో ఉన్న మీ దూరంతో భాగించండి. వచ్చేదే ఆ దూరానికి కావలసిన మొత్తం డయాప్టర్లు (లెన్స్ పవర్ కొలత). 50 సెంటీమీటర్లకు 2.00, 40కి 2.50, 33కి 3.00. ఇందులో కొంత మీ కన్ను ఇప్పటికీ తనంతట తాను అందిస్తుంది. అందుకే యాభై ఏళ్ల వ్యక్తికి 40 సెంటీమీటర్ల దగ్గర +1.75 లేదా +2.00 సరిపోవచ్చు. అరవై దాటితే +2.50కి దగ్గరగా కావాలి.

దీన్ని దూరపు చూపు పవర్‌కు కలపాలి. దూరానికి +1.00 ఉన్నవారికి దగ్గరికి +2.00 అదనంగా అవసరమైతే, వైజ్ ముందు పెట్టుకునే అద్దాల పవర్ +3.00 అవుతుంది. దూరానికి −3.00 ఉన్నవారు అద్దాలు తీసేస్తే చాలు, 33 సెంటీమీటర్ల దగ్గర స్పష్టంగా కనబడుతుంది. అయితే తెగిన వైరు, జారిన హుక్ కంటికి తగలకుండా పవర్ లేని రక్షణ కళ్లద్దాలైనా పెట్టుకోవాలి.

సరిచూసుకునే పద్ధతి తేలిక. ముందుకు వంగితేనే హుక్ స్పష్టమవుతుంటే పవర్ ఎక్కువైంది. వెనక్కి జరిగితేనే స్పష్టమవుతుంటే పవర్ చాల్లేదు. 0.25 చొప్పున మార్చి చూడండి.

4. ఎలాంటి అద్దాలు?

ప్రోగ్రెసివ్ అద్దాలు (పై నుంచి కిందికి పవర్ క్రమంగా మారేవి) ఈ పనికి అంతగా కుదరవు. వాటిలో దగ్గరి చూపు భాగం అడుగున, ఇరుకుగా ఉంటుంది. వైజ్ ఛాతీ ఎత్తులో ఉంటుంది కాబట్టి గడ్డం పైకెత్తి చూడాలి. గంటకల్లా మెడ పట్టేస్తుంది. బైఫోకల్ పరిస్థితీ అంతే. మీరు కొలిచిన దూరానికే చేయించిన ఒకే పవర్ అద్దాలు అన్నిటికన్నా మేలు. పరీక్షకు వెళ్లినప్పుడు “చదవడానికి” అని చెబితే 40 సెంటీమీటర్ల లెక్కన ఇస్తారు. మీ అంకె చెప్పండి. హుక్ గుచ్చిన కార్క్ ముక్క వెంట తీసుకెళ్లి, ట్రయల్ ఫ్రేమ్‌తో ఆ దూరంలో పట్టుకుని చూడండి.

రెడీమేడ్ రీడింగ్ గ్లాసెస్ పనికిరానివేమీ కావు. రెండు కళ్ల పవర్ ఒకటే అయి, సిలిండర్ పవర్ (ఆస్టిగ్మాటిజంకు ఇచ్చేది) లేకపోతే బాగానే నడుస్తాయి. వాటి లెన్స్‌ల మధ్య దూరం అందరికీ ఒకేలా ఉంటుంది, మీ కంటిపాపల దూరం వేరు. మధ్యభాగం 5 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే +1.00లో పెద్దగా తెలియదు. +3.00లో ఆ లాగుడు మూడింతలై, అరగంటలో తలనొప్పి తెస్తుంది.

5. అప్పుడు కూడా చాలకపోతే మాగ్నిఫికేషన్

పై నాలుగూ కుదిరాక 16వ నంబరు వరకు సాధారణంగా భూతద్దం అక్కర్లేదు. 18 నుంచి 24 నంబర్లకే అసలు అవసరం. ఇక్కడ ఒకటి గుర్తుంచుకోవాలి: మామూలు భూతద్దాల్లో మాగ్నిఫికేషన్ పెరిగేకొద్దీ పని దూరం, కనిపించే వైశాల్యం, ఫోకస్ లోతు మూడూ తగ్గుతాయి.

తలకు పెట్టుకునే హెడ్‌బ్యాండ్ వైజర్లలో తేడా చూడండి. 1.5 రెట్ల లెన్స్ ప్లేట్‌కు దూరం సుమారు 50 సెంటీమీటర్లు, 1.75కు 35, 2కు 25, 2.5కు 20, 3.5కు కేవలం 10. పది సెంటీమీటర్లలో బాబిన్ (దారపు రీలు పట్టుకునే పనిముట్టు) తిప్పడానికి చోటెక్కడ? కత్తెర మొన కూడా ముఖానికి అతి దగ్గరకు వస్తుంది. ఫ్లై కట్టేవారికి 1.75 లేదా 2 రెట్లు మంచి ఎంపిక. 3.5 రెట్లు కట్టిన ఫ్లైను పరిశీలించడానికే.

వైజర్‌ను రీడింగ్ గ్లాసెస్ మీద పెడితే పవర్లు కలిసిపోతాయి. 50 సెంటీమీటర్ల ప్లేట్ వెనక +2.00 అద్దాలుంటే దూరం 25కు పడిపోతుంది. కాబట్టి ప్లేట్ మీద రాసిన దూరం కావాలంటే దూరపు చూపు అద్దాల మీదే పెట్టుకోవాలి.

బల్లకు బిగించే దీపం లెన్స్‌లు తలకు బరువు పెట్టవు. 3 డయాప్టర్లది సుమారు 1.75 రెట్లు, 5 డయాప్టర్లది 2.25 రెట్లు. వీటిలో 3 డయాప్టర్లదే తీసుకోండి. 5లో హుక్‌ను 20 సెంటీమీటర్లలోపు ఉంచాలి. హ్యాకిల్ ప్లైయర్స్ (ఈకను పట్టుకునే చిన్న పట్టకారు) తిప్పినప్పుడల్లా లెన్స్‌కు తగులుతాయి. రెండు కళ్లతో, లెన్స్ నడిమి భాగంలోంచే చూడాలి. అంచులోంచి చూస్తే హుక్ వంగినట్టు కనిపిస్తుంది, రెక్కలు వంకరగా కడతారు. పని అయ్యాక లెన్స్‌కు మూత వేయండి. కిటికీ ఎండ దాని మీద పడి నిప్పు రాజుకునే ప్రమాదం నిజంగా ఉంది.

దంతవైద్యులు వాడే తరహా 2.5 రెట్ల లూప్‌లు (కళ్లద్దాలకు బిగించే చిన్న భూతద్దాలు) 35–40 సెంటీమీటర్ల దూరాన్ని అలాగే ఉంచుతూ పెద్దగా చూపిస్తాయి. ఎప్పుడూ 20వ నంబరు, అంతకన్నా చిన్నవి కట్టేవారికి ఇవే సరైనవి. కొనేముందు పని దూరం మీ కొలతకు సరిపోతుందా అని చూడండి. చూపు పరిధి ఇరుకు కాబట్టి బల్ల మీది సామాను అందుకునేటప్పుడు లూప్ పక్కనుంచి చూడటం అలవాటు చేసుకోవాలి.

6. పరీక్షించండి

20వ నంబరు హుక్ మీద సన్నని దారంతో పునాది వేసి, విప్ ఫినిష్ (చివరి ముడి) వరకు తీసుకెళ్లండి. హుక్ ఐ వెనక ఒక ఐ పొడవంత ఖాళీ మిగలాలి. మళ్లీ మళ్లీ అక్కడే దారం పేరుకుపోతుంటే ఫోకస్ లోతు చాలడం లేదన్నమాట. ఒక మెట్టు తక్కువ మాగ్నిఫికేషన్‌కు దిగి, వెలుతురు పెంచండి.

ఎంత మార్చినా మసక పోకపోతే, దీపం చుట్టూ వలయాలు కనిపిస్తే శుక్లం కావచ్చు. తిన్నని దారం వంకరగా కనిపించినా, ఒక కంటి చూపు ఉన్నట్టుండి తగ్గినా భూతద్దాల జోలికి పోకుండా వెంటనే కంటి వైద్యుడికి చూపించాలి. అలాంటిదేమీ లేకపోయినా అరవై అయిదు వరకు పవర్ మారుతూనే ఉంటుంది కాబట్టి, రెండేళ్లకోసారి టేపు తీసి మొదటి అడుగు నుంచి మళ్లీ కొలవండి.