శబ్దం చేయని సీపీయూ కూలర్‌ను ఎంచుకోవడం ఎలా?

ప్రాసెసర్ (సీపీయూ) వేడిని లాగే లోహపు రేకుల దిమ్మె, అంటే హీట్‌సింక్, దాని ఫ్యాను కలిస్తే కూలర్. ముందుగా కొలతలు చూసుకోవాలి. క్యాబినెట్‌లో ఎంత ఎత్తు కూలర్ పడుతుందో దాని వివరాల పట్టికలో ఉంటుంది. నోక్టువా ఎన్‌హెచ్-డి15కు 165 మి.మీ. కావాలి, థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈకి 155 చాలు. మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్ పేరు కూలర్ పెట్టె మీద ఉండాలి. ర్యామ్ ఎత్తుగా ఉంటే ముందు ఫ్యాను దానికి తగులుతుంది కాబట్టి, ఎత్తుగా ఉండే రంగుల దీపాల ర్యామ్ జోలికి పోకూడదు.

తరువాత వాట్ల సంగతి. 65 వాట్లదిగా అమ్మే ఇంటెల్ ప్రాసెసర్ కోర్ ఐ5-12400 టర్బోలో, అంటే పూర్తి జోరులో, 117 వాట్ల వరకు, 125 వాట్ల ఐ7-13700కె 253 వాట్ల వరకు తీసుకుంటాయి. లెక్కలోకి తీసుకోవలసింది ఈ పెద్ద అంకెనే. మొదటిదానికి 120 మి.మీ. ఫ్యాను ఉన్న ఒంటి టవర్ (ఒకే నిలువు హీట్‌సింక్) సరిపోతుంది, రెండవదానికి జంట టవర్ తప్పనిసరి.

ఎక్కువ మంది తప్పు చేసేది మూడవ దశలో, అంటే శబ్దాన్ని అంచనా వేయడంలో. పెట్టె మీది డెసిబెల్ అంకెలను పక్కపక్కన పెట్టి, తక్కువ ఉన్నదాన్ని కొనేస్తారు. ఒక్కో కంపెనీ ఒక్కో దూరం నుంచి, ఒక్కో పద్ధతిలో కొలిచిన ఆ అంకెలను పోల్చడానికి వీలు లేదు. చూడవలసిందల్లా మీ ప్రాసెసర్ వేడిని లాగడానికి ఆ ఫ్యాను ఎంత వేగంగా తిరగాలి అన్నదే. వేగం సగానికి తగ్గితే శబ్దం సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది, పది తగ్గితేనే చెవికి సగమైనట్టు ఉంటుంది. కాబట్టి చిన్న హీట్‌సింక్ మీద 1,800 ఆర్‌పీఎంతో (నిమిషానికి అన్ని చుట్లు) గింగిరాలు తిరిగే ఫ్యాను కన్నా, పెద్ద హీట్‌సింక్ మీద 800తో నింపాదిగా తిరిగేది ఎప్పుడూ మేలు. నీటి కూలర్ ఇంకా నిశ్శబ్దమని వాదించేవారు దానికీ ఫ్యాన్లుంటాయని, పైగా పంపు ఒకటి నిరంతరం తిరుగుతూనే ఉంటుందని మరిచిపోతారు.

ఇక్కడ మన ఎండలను మరువరాదు. గది వేడి ఎంత పెరిగితే ప్రాసెసర్ వేడి దాదాపు అంతే పెరుగుతుంది. ఏసీ గదుల్లో చేసిన సమీక్షలు చూసి కొన్న కూలర్, మే నెలలో 38 డిగ్రీలుండే విజయవాడ గదిలో పూర్తి వేగానికి చేరి గోల పెడుతుంది. అందుకే ఏసీ లేనివారు సరిపోయేదానికన్నా ఒక మెట్టు పెద్దదే కొనాలి. అయితే సీలింగ్ ఫ్యాను తిరిగే గదిలో రెండు మూడు డెసిబెల్స్ తేడా కోసం వేలు పోయడం దండగ.

బిగించాక బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఫ్యాను వేగాన్ని సరిచేయాలి. 70 డిగ్రీల వరకు నెమ్మదిగా ఉంచి, ఆ పైన మెల్లగా పెంచి, 90 దాటాక పూర్తి వేగానికి వదలాలి. వేగం మారడానికి కొన్ని సెకన్ల వ్యవధి పెట్టే అమరిక ఉంటే దాన్ని తప్పక వాడాలి, లేకపోతే బ్రౌజర్ తెరిచినప్పుడల్లా ఫ్యాను ఒక్కసారిగా లేచి పడుతుంది.