వధువు కింద ఒత్తు కనపడాలంటే మానిటర్‌కు ఏ కేబుల్ పెట్టాలి?

కడపలో ఏడు రోడ్ల దగ్గర చిన్న డీటీపీ సెంటర్ నాది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు చేస్తాను. మా పనిలో ప్రాణమంతా చిన్న గీతల్లోనే ఉంటుంది. ద కింద గీత ఉంటే ధ, దాని పొట్టలో చుక్క కూడా పడితే థ. ప కింద గీత ఉంటే ఫ.

నాలుగేళ్ల కింద పెళ్లిళ్ల సీజన్‌లో ఒక పత్రికలో ‘వధువు’ కాస్తా ‘వదువు’ అయి ఐదు వందల కాపీలు అచ్చయిపోయాయి. మానిటర్ మీద నేనే రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆ గీత ఉన్నట్టే అనిపించింది. ఆ ఇంటివాళ్లకు ముఖం చూపించలేక, నా ఖర్చుతో మళ్లీ వేయించి ఇచ్చాను. కళ్లద్దాలు మార్చాలేమో అనుకుని టెన్షన్ పడ్డాను. మాకు సిస్టమ్‌లు బాగుచేసే అన్న వచ్చి, వెనకాల ఉన్న నీలం కేబుల్ పీకి హెచ్‌డీఎంఐ పెట్టాడు. అదే మానిటర్, అదే ఫైల్, అక్షరం అంచు గీసినట్టు కనబడింది.

కారణం ఇది. ఆ నీలం కేబుల్‌ది వీజీఏ, 1987లో ఐబీఎం తెచ్చిన పద్ధతి. అప్పటివి వెనక పెద్ద గూడున్న పిక్చర్ ట్యూబ్ మానిటర్లు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు పెరిగీ తగ్గే కరెంటుగా వైరులో వెళ్తాయి. ఆ ట్యూబుకు అదే సరిపోయేది. ఇప్పటి పలక మానిటర్‌లో చుక్కలు ముందే లెక్క కట్టి ఉంటాయి. ఫుల్ హెచ్‌డీ అయితే అడ్డంగా 1920, నిలువుగా 1080. కంప్యూటర్ లోపల బొమ్మ అంకెలుగానే ఉంటుంది. వీజీఏ కోసం దాన్ని కరెంటుగా మారిస్తే, మానిటర్ మళ్లీ అంకెలుగా మార్చుకుని ఏ చుక్క ఎక్కడ మొదలైందో అంచనా వేసుకోవాలి. ఆ అంచనా కొంచెం తప్పితే ధ కింద గీత పక్క చుక్కలోకి పాకి మసకబారుతుంది. డీవీఐ, హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ అనే డిజిటల్ కేబుల్‌లలో అంకెలు అంకెలుగానే చేరతాయి కాబట్టి ఈ బాధ లేదు.

కేబుల్ కొనేముందు ఫోన్ టార్చ్ వేసి సీపీయూ వెనక, మానిటర్ వెనక రెండూ చూడండి, ఫొటో తీసుకోండి. మూడు వరసల్లో 15 రంధ్రాలు, పక్కన రెండు మరలు ఉంటే వీజీఏ. వెడల్పుగా, సాధారణంగా తెల్లగా ఉండేది డీవీఐ. ఒక మూల మాత్రమే కోసినట్టుండేది డిస్‌ప్లేపోర్ట్. హెచ్‌డీఎంఐ ఇంట్లో టీవీకి చూసే ఉంటారు. రెండు వైపులా ఒకే రకం డిజిటల్ పోర్టు ఉంటే ఇంక ఆలోచించొద్దు, అదే పెట్టండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న సీపీయూ అయితే కేబుల్ ఆ కార్డుకే గుచ్చాలి. పైన మదర్‌బోర్డు పోర్టుకు గుచ్చి ‘నో సిగ్నల్’ వస్తోందని మానిటర్ మార్చడానికి సిద్ధపడినవాళ్లను చూశాను.

రెండు వైపులా పోర్టులు కలవకపోతేనే జాగ్రత్తగా ఉండాలి. డీవీఐ డిజిటల్ అయితే హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న ముక్క చాలు, బొమ్మ ఏమీ తగ్గదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మాత్రం లోపల చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి. అది ఒక దిక్కుకే పనిచేస్తుంది. ‘నా సీపీయూలో ఇది, మానిటర్‌లో ఇది’ అని షాపులో ఫొటో చూపించి అడగండి. వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే పెట్టెలూ దొరుకుతాయి, కానీ అప్పటికే కరెంటుగా మారిన బొమ్మ దానితో పదునెక్కదు. డీవీఐ కేబుల్‌లో పక్కనున్న వెడల్పు రేకు చుట్టూ నాలుగు పిన్నులు ఉంటే అందులో వీజీఏ సిగ్నల్‌కు కూడా దారి ఉందని అర్థం. అది డిజిటల్ మాత్రమే ఉన్న సాకెట్‌లో పట్టదు, బలవంతం చేయొద్దు.

ఖరీదైన హెచ్‌డీఎంఐ కేబుల్‌తో అక్షరం ఇంకా బాగుంటుందన్న మాట నమ్మకండి. బల్ల కింది సీపీయూకు మీటరున్నర మామూలు కేబుల్ చాలు. చెడిపోతే మెరుపు చుక్కలు వస్తాయి, లేదా తెర ఆరిపోతుంది. 4కే మానిటర్ కొన్నవాళ్లు మాత్రం పోర్టు ఏ తరానిదో చూసుకోవాలి. హెచ్‌డీఎంఐ 1.4 అయితే 4కేలో సెకనుకు 30 బొమ్మలే, మౌస్ బాణం ఆగి ఆగి కదులుతుంది. 60 కావాలంటే 2.0 ఉండాలి.

వీజీఏ తప్ప దారి లేని పాత సిస్టమ్ అయితే దాన్నీ చక్కగా వాడుకోవచ్చు. మా రెండో సిస్టమ్ ఇప్పటికీ అదే. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో మానిటర్ అసలు రిజల్యూషన్, అంటే దాని చుక్కల లెక్క, పెట్టండి. తెర నిండా అక్షరాలున్న పేజీ తెరిచి మానిటర్ మీది ఆటో బటన్ నొక్కండి. ఖాళీ డెస్క్‌టాప్ మీద నొక్కితే దానికి కొలుచుకోవడానికి అంచులే దొరకవు. ఇంకా నిలువు పట్టీలు కనబడితే మెనూలో క్లాక్, అక్షరాలు వణుకుతుంటే ఫేజ్ కొంచెం కొంచెంగా కదపండి. తెరంతా పసుపుగా ఉంటే నీలం రంగును మోసే పిన్ను వంగిందేమో చూడండి. కేబుల్ పొడవు పెరిగేకొద్దీ మసక పెరుగుతుంది.

ఏ కేబుల్ పెట్టినా నేను ఒక ఫైల్ తెరుస్తాను. అందులో ద ధ థ ప ఫ ష స అని పది పాయింట్లలో ఒకటే వరస ఉంటుంది. జూమ్ వంద శాతం పెట్టి, రోజూ కూర్చునే దూరంలోనే కూర్చుని చదువుతాను. థ పొట్టలో చుక్క విడిగా కనబడితే, మరలుంటే బిగించి సీపీయూను వెనక్కి జరుపుతాను.