జేబులో కట్టర్ పెట్టుకునే ముందు: యూకేకి కొత్తగా వచ్చినవారికి

సెప్టెంబర్ వచ్చిందంటే నా వాట్సాప్‌కి ఒక రకం మెసేజ్‌లు మొదలవుతాయి. "అన్నా, ఇది కొననా?" అని, కింద ఒక లింకు. పోయినేడాది మా పిన్ని కొడుకు పంపినది మడిచి జేబులో వేసుకునే యుటిలిటీ నైఫ్. అల్యూమినియం పిడి, బెల్టుకు తగిలించే క్లిప్పు, బ్లేడు మొద్దుబారితే తీసి కొత్తది వేసుకునే ఏర్పాటు. చూడటానికి ముచ్చటగానే ఉంది. అప్పటికి వాడు కోవెంట్రీలో దిగి పది రోజులైంది. రూమ్‌లో అట్టపెట్టెలు పేరుకుపోయాయి, వేర్‌హౌస్‌లో పార్ట్‌టైమ్ దొరికేలా ఉంది, యూట్యూబ్‌లో ఎవరో అమెరికా ఆయన రోజూ జేబులో ఉండాల్సిన వస్తువుల్లో ఇదే మొదటిదని చెప్పాడట.

కొనుక్కో, కానీ జేబులో వేసుకుని గడప దాటకు అన్నాను. "అదేంటన్నా, బ్లేడు రెండున్నర అంగుళాలు కూడా లేదు. మూడంగుళాల వరకు పర్లేదట కదా?" అన్నాడు. సగం చదివాడన్నమాట. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను, వాడిలాంటి వాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి.

ఇంగ్లండ్, వేల్స్‌లలో అసలు విషయం 1988 నాటి క్రిమినల్ జస్టిస్ యాక్ట్, 139వ సెక్షన్‌లో ఉంది. పదునైన అంచో మొనో ఉన్న వస్తువును సరైన కారణం లేకుండా బహిరంగ ప్రదేశంలో దగ్గర ఉంచుకోవడమే నేరం. ఎవరినీ బెదిరించక్కర్లేదు, బయటికి తీయను కూడా అక్కర్లేదు. దీనికి ఉన్న మినహాయింపు చిన్న మడత కత్తికి. దాని పదును అంచు 3 అంగుళాలు, అంటే 7.62 సెంటీమీటర్లు దాటకూడదు. మావాడు ఇక్కడిదాకా చదివి ఆగిపోయాడు.

తిరకాసు లాక్ దగ్గర ఉంది. తెరిచాక టక్కున లాక్ పడి, బటనో లీవరో నొక్కితే తప్ప మూసుకోని కత్తిని ఇక్కడి చట్టం మడత కత్తిగా లెక్కించదు. 1990ల మొదట్లో ఒక కేసులో హైకోర్టు ఈ సంగతి తేల్చేసింది. లాక్ ఉంటే బ్లేడు ఒక్క అంగుళమే ఉన్నా మినహాయింపు వర్తించదు. బ్లేడు మార్చుకునే మడత కట్టర్లేమో దాదాపు అన్నీ లాక్ ఉన్నవే. కారణం మంచిదే: గట్టి అట్ట కోసేటప్పుడు బలంగా నొక్కుతాం, లాక్ లేకపోతే బ్లేడు వెనక్కి మడుచుకుని మన వేళ్ల మీదే పడుతుంది. మన వేళ్లను కాపాడే ఆ లాకే వీధిలోకి వెళ్లేసరికి మనల్ని ఇరికిస్తుంది.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. కత్తి తెరిచి, పదును లేని వీపు వైపు నుంచి మెల్లగా నెట్టండి. ఇంకేదీ నొక్కకుండా మూసుకుంటే లాక్ లేనట్టు. కదలకపోతే అది ఇంటి వస్తువు, జేబు వస్తువు కాదు. విక్టోరినాక్స్ వాళ్ల మామూలు స్విస్ నైఫ్ స్ప్రింగ్ బిగువు మీద నిలబడుతుంది, నెడితే మూసుకుంటుంది. అదే కంపెనీ పెద్ద సైజుల్లో లాక్ ఉన్నవీ ఉన్నాయి, చూసి కొనాలి. చెక్క పిడితో అందంగా ఉండే ఒపినెల్‌కి 6వ నంబరు నుంచి పైవాటికి మెడ దగ్గర తిప్పే రింగు ఉంటుంది, అదీ లాకే. ఇక బొటనవేలితో ముందుకు జరిపే స్టాన్లీ నైఫ్ అసలు మడతే పడదు, కాబట్టి దానికి ఈ మినహాయింపు ప్రసక్తే లేదు. స్కాట్లాండ్‌కి వేరే చట్టం ఉంది కానీ అక్కడా మూడంగుళాల మడత కత్తి లెక్క ఇదే.

ఇంగ్లండ్, వేల్స్‌లలో శిక్ష గరిష్ఠంగా 4 ఏళ్ల జైలు, జరిమానాకు పరిమితి లేదు. మొదటిసారి దొరికిన ప్రతివాడినీ జైలుకు పంపిస్తారని కాదు. కానీ కోర్టుదాకా వెళ్లకుండా పోలీసులు ఇచ్చే 'కాషన్' కూడా రికార్డే. వీసా దరఖాస్తులో నేరాల గురించి అడిగే చోట దాన్నీ రాయాలి. ఐదారు పౌండ్ల కట్టర్ కోసం ఇంత టెన్షన్ ఎందుకు?

"సరైన కారణం" అంటే ఏమిటని అందరూ అడుగుతారు. పనికి తీసుకెళ్లడం, పని నుంచి తెచ్చుకోవడం ఒక కారణం. సిక్కుల కృపాణం లాంటి మతపరమైనవి ఒకటి. "రాత్రిళ్లు భయమేసి ఉంచుకున్నాను" అనేది మాత్రం కారణం కాదు, పైగా ఆ మాట అన్నారంటే మీ కేసు మీరే బలపరిచినట్టు. "జేబులో ఉందని మరిచిపోయాను" అనేదీ దానంతట అది చాలదు.

ఆ మరిచిపోయే రకంలో నేనూ ఒకణ్ని. వచ్చిన తొలి ఏడాది నైట్ షిఫ్ట్ చేసి, కళ్లు మూతలు పడుతుండగా రైల్వే స్టేషన్‌కి వచ్చాను. ద్వారం దగ్గర మెటల్ డిటెక్టర్ గుమ్మం, ఇద్దరు పోలీసులు. గుమ్మం కుయ్యిమంది. ఫ్లీస్ జేబులో చెయ్యి పెడితే చల్లగా తగిలింది: షిఫ్ట్‌లో ఇచ్చిన కట్టర్. తిరిగిచ్చేయడం మరిచిపోయాను. చలికాలం పొద్దున్నే వీపంతా చెమట. మెడలో బ్యాడ్జి, ఫోన్‌లో రోస్టర్ ఉన్నాయి కాబట్టి బతికిపోయాను. ఆ పోలీసాయన మర్యాదగానే మాట్లాడాడు. కట్టర్ తీసుకుని, వివరాలు రాసుకుని, ఒక కాగితం చేతిలో పెట్టి పంపించాడు. ఆ రోజు సెలవైతే, అదే ఫ్లీస్ వేసుకుని సినిమాకి బయల్దేరి ఉంటే, చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. అప్పటినుంచి షిఫ్ట్ అయ్యాక లాకర్ దగ్గర జేబులన్నీ తడుముకోవడం అలవాటైంది.

ఇలా ఆపితే కంగారు పడి చెయ్యి గబుక్కున జేబులో పెట్టకండి. "నా జేబులో పని కట్టర్ ఉంది" అని నోటితో చెప్పండి, వాళ్లే తీసుకుంటారు. సోదా చేసే పోలీసు తన పేరు, స్టేషన్, దేనికోసం వెతుకుతున్నదీ చెప్పాలి. ఆ సోదా రికార్డు కాపీ అడిగే హక్కు మీకుంది.

వేర్‌హౌస్ పని విషయానికొస్తే, సొంత కత్తి తీసుకెళ్లొద్దు. చాలాచోట్ల ఒప్పుకోరు కూడా. వాళ్లే సేఫ్టీ నైఫ్ ఇస్తారు. అట్ట మీద నుంచి బ్లేడు జారిన క్షణంలో దానంతట అదే లోపలికి వెళ్లిపోయే రకమో, బ్లేడు ఒక సన్నని సందులో దాగి వేలు దూరని రకమో ఉంటుంది. మొదటి రోజు అది చేతికి రాదు, విసుగేస్తుంది. రెండో వారానికి అలవాటవుతుంది.

పనికీ, బడికీ సంబంధం లేని బయటి తిరుగుళ్లలో కూడా ఒకటి రెండు జాగ్రత్తలు ఉన్నాయి. పార్కులో పాట్‌లక్ పెట్టుకుంటే పుచ్చకాయ ఇంట్లోనే కోసి డబ్బాలో తీసుకెళ్లండి. బర్త్‌డే కేక్‌కి దాంతో వచ్చే ప్లాస్టిక్ కత్తి చాలు. దసరాకి ఆయుధపూజ మన కట్టర్‌కీ చేయాలనిపిస్తే ఇంట్లోనే పసుపు కుంకుమ పెట్టేయండి, గుడిదాకా మోసుకెళ్లొద్దు.

ఇంకో జాతి ఉంది, దాన్ని ఇంట్లో కూడా ఉంచుకోకూడదు. బటన్ నొక్కగానే స్ప్రింగ్ మీద టప్పున తెరుచుకునే ఫ్లిక్ నైఫ్‌లు, విదిలిస్తే తెరుచుకునేవి, రెండు పిడుల మధ్య తిరిగే బటర్‌ఫ్లై కత్తులు. 2021 జూలై నుంచి ఇవి సొంతింటి సొరుగులో ఉన్నా నేరమే. విదేశీ సైట్లలో చవగ్గా దొరికే కట్టర్ల ఫొటోల కింద 'ఆటో', 'స్ప్రింగ్' అని కనిపిస్తే ఆ పేజీ మూసేయండి.

సరే, ఇంటికి ఏది కొనాలి? నా ఓటు మడత కట్టర్‌కి కాదు, పాత రకం జరిపే కట్టర్‌కే. మడత కట్టర్‌లో బ్లేడు ఎంత బయటికి రావాలో మన చేతిలో ఉండదు, తెరిస్తే అంతా బయటికే. జరిపే దాంట్లో ఒక మెట్టు, రెండు మెట్లు అని ఆపుకోవచ్చు. ఈ తేడా అమ్మ పంపిన పార్సిల్ విప్పేటప్పుడు తెలుస్తుంది. అక్కడ కొరియర్ వాళ్లు ఆవకాయ డబ్బాకి నాలుగు చుట్లు టేపు, దాని మీద కవరు, మళ్లీ టేపు వేస్తారు కదా. మొదటి పార్సిల్‌ని నేను బ్లేడంతా బయటికి తీసి ఒక్క గీత గీశాను. టేపుతో పాటు లోపలి కవరూ తెగింది. నూనె కారి కొత్త టవల్, నాన్న పంపిన లుంగీ, కింద కార్పెట్ ఎర్రబడ్డాయి. కార్పెట్ మరక డిపాజిట్‌లో కోతగా తిరిగొచ్చింది. ఇప్పుడైతే బ్లేడు గోరంత బయటికి పెట్టి, టేపు అతుకు వెంబడే గీస్తాను.

బియ్యం బస్తాకి అసలు కట్టరే వద్దు. పైన కుట్టు గొలుసు కుట్టు. ఒక చివర దారం కొస కత్తిరించి సరైన వైపు నుంచి లాగితే సర్రున మొత్తం ఊడొస్తుంది. రాకపోతే రెండో చివర నుంచి ప్రయత్నించండి. ఊళ్లో కిరాణా కొట్టాయన ఒక్క గుంజుతో విప్పేవాడు, గుర్తుందా, అదే.

కట్టర్, విడి బ్లేడ్లు 18 ఏళ్లు నిండినవాళ్లకే అమ్ముతారు. పాతికేళ్ల లోపు వాళ్లలా కనిపిస్తే ఐడీ అడుగుతారు. మీసం రాని మొహమైతే మరీను. మన వీసా ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే ఉంటుంది కాబట్టి చూపించడానికి కార్డు ఉండదు. పాస్‌పోర్ట్ వెంట తిప్పే బదులు ప్రొవిజనల్ డ్రైవింగ్ లైసెన్స్ (మన లెర్నర్స్ లైసెన్స్ లాంటిది) తీసుకోండి, బోలెడు చోట్ల పనికొస్తుంది. ఆన్‌లైన్‌లో కొన్నా ఇంటి గుమ్మం దగ్గర వయసు చూస్తారు. కొని తెచ్చుకునేటప్పుడు ప్యాకింగ్ విప్పకుండా, రసీదుతో సహా సంచిలో పెట్టుకుని నేరుగా ఇంటికి రండి.

బ్లేడ్ల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది సగం బ్లేడు పారేస్తున్నారు. స్టాన్లీ రకంలో బ్లేడు రెండు పక్కలా ఏటవాలుగా ఉంటుంది, పొడవు సుమారు 6 సెంటీమీటర్లు. వీపు మీద రెండు చిన్న గాట్లుంటాయి, అవి పిడి లోపలి బుడిపెకి పట్టుకోవాలి. ఒక మొన మొద్దుబారితే బ్లేడుని అటూ ఇటూ తిప్పి పెట్టండి, రెండో మొన కొత్తదే. గాటు బుడిపెలో కూర్చుందో లేదో చూసుకున్నాకే పిడి బిగించాలి, లేకపోతే కోతలో బ్లేడు జారి బయటికొస్తుంది. రెండో రకం మనం స్కూల్లో పేపర్ కట్టర్ అన్నది, ముక్కలుగా విరిచేది. దాన్ని 1956లో జపాన్‌లోని ఒసాకాలో యోషియో ఒకాడా తయారుచేశాడు. ఓల్ఫా కంపెనీ ఆయనదే. చాక్లెట్ బార్ గళ్ల వెంబడి విరిగినట్టు బ్లేడు విరగాలన్నది ఆయన ఆలోచన. సన్నటి టేపులకి అది బాగుంటుంది, మందపాటి అట్టకి వంగుతుంది. విరిచేటప్పుడు ప్లయర్‌తో పట్టుకుని, మొహానికి దూరంగా విరవండి.

టేపు జిగురు అంటుకుని బ్లేడు ఈడ్చినట్టు కోస్తుంటే అది మొద్దుబారలేదు, మురికైంది. దూదికి రెండు చుక్కల కొబ్బరినూనె అద్ది, వీపు నుంచి అంచు వైపు తుడవండి, జిగురు వదులుతుంది. కోసేటప్పుడు ఎడమ చెయ్యి ఎప్పుడూ బ్లేడు వెనకే ఉండాలి, దారిలో కాదు. ఒళ్లో పెట్టుకుని కోయడం అసలే వద్దు. తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచండి. రక్తం ఆగకపోతే ఏ అండ్ ఈ, అంటే ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగం; సందేహంగా ఉంటే వైద్య సలహా ఇచ్చే 111కి ఫోన్. వీసాతో పాటు హెల్త్ సర్‌చార్జి కట్టేశారు కదా, బిల్లు గురించి వెనకాడకండి.

పాత బ్లేడ్లు చెత్త సంచిలో విడిగా వేయకండి. బిన్ లారీ మనిషి చెయ్యి తెగుతుంది. నా దగ్గర ఒక ఇన్‌స్టంట్ కాఫీ టిన్ను ఉంది, మూతకి సన్నని గాటు కోసి టేపు వేశాను. అయిపోయిన బ్లేడు నేరుగా అందులోకే. మూడేళ్లకి సగం కూడా నిండలేదు. నిండాక కౌన్సిల్ రీసైక్లింగ్ సెంటర్ వాళ్లని అడిగి ఇచ్చేస్తాను.

ఇండియాకి వెళ్లేటప్పుడు కట్టర్ తీసుకెళ్లాలనుకుంటే చెకిన్ సూట్‌కేసులో, బ్లేడు తీసి చుట్టి పెట్టండి. విడి బ్లేడ్లూ క్యాబిన్ బ్యాగులో వద్దు. లాప్‌టాప్ బ్యాగు అడుగు జేబు ఒకసారి బోర్లించి చూడండి. శంషాబాద్‌లో తిరుగు ప్రయాణానికి లైన్లో నిలబడ్డాక మావాడికి అందులోనే దొరికింది, లింకు పంపిన ఆ కట్టరే.