తానుమ్ రాతి చెక్కడాలను చదవడం ఎలా?

స్వీడన్ పశ్చిమ తీరంలోని తానుమ్‌కు వెళ్లినవారిలో చాలామంది విట్లికె బండ మీది ‘పెళ్లి జంట’ను వెతుక్కుని, ఫొటో తీసుకుని వెనుదిరుగుతారు. అదే బండ మీద దాదాపు 300 బొమ్మలున్నాయి. క్రీ.పూ. 1700–500 మధ్య, కాంస్య యుగంలో చెక్కిన ఈ బండల ప్రాంతాన్ని యునెస్కో 1994లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ‘ఈ బొమ్మకు అర్థమేమిటి?’ అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, ఇలా చూడండి.

1. వెలుతురు చూసుకుని వెళ్లండి
గట్టి రాయితో గ్రానైటును పొడిచి పొడిచి చేసిన గీతలివి. చాలాచోట్ల లోతు కొద్ది మిల్లీమీటర్లే. మిట్టమధ్యాహ్నం వెళితే వట్టి బండే కనిపిస్తుంది. పొద్దు వాలేటప్పుడు వెళ్లండి, లేదా చీకటి పడ్డాక టార్చిలైటును బండకు దగ్గరగా పట్టి పక్కనుంచి వేయండి. గీతల అంచున నీడ పడి బొమ్మ తేలుతుంది. బండ మీద మాత్రం కాలు పెట్టకండి.

2. ఎర్రరంగును పూర్తిగా నమ్మకండి
చాలా చెక్కడాల్లో కనిపించే ఆ రంగు సందర్శకుల కోసం ఈ కాలంలో పూసినది. పూసినవారి కంటికి ఆనింది ఎర్రబడింది, ఆననిది అలాగే ఉండిపోయింది. నన్నడిగితే రంగు లేని చోటే ఎక్కువసేపు నిలబడాలి.

3. సముద్రాన్ని మళ్లీ ఊహించుకోండి
ఈ దశను దాటేస్తే మిగతావేవీ అర్థం కావు. ఇప్పుడు బండల కింద పొలాలున్నాయి. మంచుయుగంలో హిమానీనదాల బరువుకు అణిగిన నేల, మనిషి లేచాక పరుపు ఉబికినట్టు, మంచు కరిగాక నెమ్మదిగా పైకి లేస్తూ వచ్చింది. కాంస్య యుగంలో నీటిమట్టం ఇప్పటికన్నా పది మీటర్లకు పైగా ఎత్తున ఉండేది. అంటే ఆ పొలాలు అప్పటి సముద్రపు పాయలు, చాలా బండలు ఒడ్డునో ఒడ్డుకు దగ్గర్లోనో ఉండేవి. పొలం గట్టు బండల మీద ఇన్ని పడవ బొమ్మలెందుకన్న సందేహం ఇక్కడితో తీరుతుంది.

4. పడవను బట్టి కాలం కట్టండి
డెన్మార్క్‌లోని రోర్బీలో దొరికిన వంపు కత్తి మీద ఒక పడవ బొమ్మ ఉంది. ఆ కత్తి సుమారు క్రీ.పూ. 1600 నాటిది. అలా కొనలు లోపలికి వంగిన పడవ బండ మీద కనిపిస్తే అది తొలి దశదని పరిశోధకులు లెక్కవేస్తారు. పడవపై నిలువుగా ఉన్న పొట్టి గీతలు మనుషులు, తెడ్లు వేసేవాళ్లు. తెరచాపలు వెతకకండి.

5. దేని మీద ఏది చెక్కారో గమనించండి
తానుమ్‌లోనే ఉన్న లిట్స్‌లెబీ బండ మీద ఈటె పట్టిన మనిషి రెండు మీటర్లకు పైగా పొడవుంటాడు. అంతకుముందే అక్కడున్న పడవల మీదుగా అతణ్ని చెక్కారు. ఒక్క బండకు చాలా తరాలు పనిచేశాయి.

6. ఇప్పుడు ఆ సమాజం గురించి అడగండి
కంచుకు కావలసిన రాగి, తగరం వాళ్లకు దూరదేశాల నుంచి రావాలి. కాబట్టి పడవ ఉన్నవాడిదే పైచేయి అయి ఉంటుంది. కత్తి, గొడ్డలి పట్టినవారు నిండు మనుషులుగా కనిపిస్తే, తెడ్డు వేసేవాళ్లు వట్టి గీతలుగా మిగలడం నాకు ఊరికే జరిగినట్టు అనిపించదు. తానుమ్‌లోని మరో చోటు ఆస్పెబెర్యెట్‌లో నాగలి దున్నేవాడి బొమ్మ కూడా ఉంది, వీళ్లు రైతులు కూడా.

ఉత్తర నార్వేలోని ఆల్టాకు వెళ్తే ఈ లెక్క మార్చుకోండి. అక్కడివి ఎక్కువగా వేటగాళ్ల చెక్కడాలు. రెయిన్‌డీర్లు, ఎలుగుబంట్లు, మందను తోలే కంచెలు కనిపిస్తాయి. నేల లేచిన తీరును బట్టి, ఒడ్డు నుంచి ఎంత ఎత్తున ఉంటే బొమ్మ అంత పాతది.